ఒంటరితనం, సాయంత్రం క్లాసు

టర్ములో ఏ కోర్సులు ఉండాలో, ఏవి పోవాలో ఖరారయ్యే రోజు, మధ్యాహ్నం. మానవీయ, సామాజిక శాస్త్రాల విభాగంలో హెడ్డుగారి గది. బల్లకి అవతల కూర్చున్న మనస్తత్త్వశాస్త్రం మాస్టారు ఒకప్పుడు ఆవిడకి పాఠం చెప్పినవాడు. ఆ మొహమాటం ఆవిడకి ఇంకా పూర్తిగా వదల్లేదు.

"అది కాదు మాస్టారూ, నేను చెప్పేది వినండి."

"వింటూనే ఉన్నానమ్మాయ్. వినడమేగా నా వృత్తి."

"ఎనిమిది మంది చేరితేనే కోర్సు. మీ 'ఒంటరితనం'లో ఏడుగురే చేరారు."

"ఒంటరితనానికి ఏడుగురు ఎక్కువే కదా?"

"ఈ జోకులు రిజిస్ట్రారుకి అర్థం కావు. ఐదింటికల్లా కోర్సుల పట్టిక పైకి వెళ్ళాలి. ఎనిమిది లేనివన్నీ కొట్టేయమన్నారు. మీదొక్కటే అయితే నేనూ ఏదో చెప్పి చూసేదాన్ని. పురాతన లిపులు పోయింది. జానపద విజ్ఞానం పోయింది. నీతిశాస్త్రం కూడా పోయింది."

"నీతిశాస్త్రమా? అందులో పదిమంది ఉన్నారన్నావుగా?"

"ఉన్నారు. వాళ్ళలో నలుగురు లేరు."

"ఉండి లేకపోవడమేమిటి?"

"ఆ లెక్చరరే సృష్టించాడు. ఒకతనైతే ఎప్పుడో చదువు మానేసి వెళ్ళిపోయాడు, ఇప్పుడు ఎక్కడున్నాడో వాళ్ళ వాళ్ళకే తెలీదు."

"నీతిశాస్త్రం చెప్పేవాడే?"

"అడిగితే, 'ఉద్దేశం మంచిదైతే అబద్ధం తప్పా అన్నదే మేడం నా రెండో పాఠం' అన్నాడు."

"హహ్హ! వాడికి మరో టర్ము ఇవ్వాల్సిందమ్మాయ్. సరే, నిలబడినవి ఎలా నిలబడ్డాయి?"

"పేర్లు మార్చుకున్నారు. మధ్యయుగ చరిత్ర ఇప్పుడు 'కోటలూ కుట్రలూ'. తర్కశాస్త్రం 'వాదించి గెలవడం'. కుర్చీలు చాలక పిల్లలు కిటికీల్లో కూర్చుంటున్నారు."

"లోపల పాఠం?"

"పాఠం అదే. మనిషి అదే, చొక్కా మార్చాడంతే. మిమ్మల్ని కూడా మార్చమని నెల్లాళ్ళ నుంచి మొత్తుకుంటున్నాను. 'నలుగురిలో నెగ్గుకురావడం' అని పెట్టండన్నానా?"

"ఒంటరితనం గురించి చెప్పే పాఠానికి నలుగురిలో నెగ్గుకురావడమని పేరు పెట్టాలా? రేపు చావు గురించి పాఠం చెప్తూ 'నిండు నూరేళ్ళూ బతకడం' అని పెట్టమంటావు."

"అది కూడా ఉంది. తత్త్వశాస్త్రం వాళ్ళది. దానికి రెండు సెక్షన్లు చేయాల్సొచ్చింది."

"రామ రామ!"

"ఒక్క నిమిషం మాస్టారూ, ఫోను... ఆఁ, చెప్పండి... ఊఁ... ఊఁ... లేదు, పనిలో ఉన్నాను... సరే... ఆలస్యమవుతుంది... ఇంటికొచ్చాక చెప్పండి... సరే... సరే."

"ఎవరమ్మా?"

"మావారు. ఏదో చెప్పాలన్నారు. ఇంటికొచ్చాక వింటానన్నాను."

"ఫోనులో మాట్లాడావా, సంతకాలు పెట్టావా?"

"ఇన్నేళ్ళ కాపురం మాస్టారూ. ఇంకా కొత్తగా ఏం మాట్లాడుకుంటారు?"

"అదృష్టవంతురాలివి. ఎప్పుడొస్తావని నన్ను అడిగే దిక్కే లేదు. ఎప్పుడు పోతావని అడగడానికి మాత్రం ఒక హెడ్డు ఉంది."

"అదిగో, మళ్ళీ! నేనా మిమ్మల్ని పొమ్మనేది? మీ కాంట్రాక్టు కోర్సుకి కట్టేసి ఉంది. కోర్సుంటే మీరుంటారు. లేకపోతే..."

"లేకపోతే నేను లేను. తెలుసమ్మాయ్. రిటైరైనవాణ్ణి టర్ము టర్ముకీ పొడిగిస్తున్నారు, పాత లుంగీకి అతుకు వేసినట్టు. అతుకు ఊడిపోయే రోజు ఒకటి ఉంటుంది. నాకేం బాధ లేదు. ఒంటరితనం మీద ఇన్నేళ్ళు పాఠం చెప్పినవాడికి ఇంట్లో ఒక్కడే కూర్చోవడం రాదా?"

"అలా మాట్లాడకండి. నాకు రాత్రి నిద్రే పట్టలేదు. మిమ్మల్ని కూర్చోబెట్టుకుని ఈ మాట ఎలా చెప్పాలా అని పొద్దున్నుంచీ..."

"చెప్పనక్కర్లేదు. ఎనిమిదో మనిషి చేరాడు."

"ఏమిటీ?"

"చేరాడు. ఇవాళ పొద్దున్నే. బయటివాళ్ళ సీటులో."

"మరి ముందే చెప్పరేం? ఇంతసేపూ నన్ను ఇలా..."

"నన్ను పంపించడానికి ఎంత కష్టపడతావో చూద్దామని. బాగానే పడ్డావు. మనసుకి హాయిగా ఉంది."

"మాస్టారూ!"

"అదే మనస్తత్త్వశాస్త్రం. ఇంద, కాగితం. ఇక్కడ ఎనిమిది అని అంకె వేసి కింద నీ సంతకం పెట్టు. పేరు క్లాసులు మొదలయ్యాక ఇస్తే చాలని రూలు పెట్టింది నువ్వే."

"హమ్మయ్య! ఇలా ఇవ్వండి. ఏదీ నా పెన్ను? మీకు పుణ్యముంటుంది మాస్టారూ, ఆ మహానుభావుడెవరో గానీ నన్ను పాపం నుంచి కాపాడాడు. ఎవరాయన?"

"చెప్పకూడదు. నా దగ్గర చేరేవాళ్ళ సంగతులు నేను మూడో మనిషికి చెప్పను. అది నియమం."

"సరే, చెప్పకండి."

"పేరు చెప్పను. మనిషి మాత్రం ముత్యం. లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగమట."

"లిఫ్టులా?"

"పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి పత్రం ఇస్తాడట. ఎంత బాగా చెప్పాడనుకున్నావ్! 'లిఫ్టు ఎక్కిన మనిషి పక్కవాడి మొహం చూడడండీ, పైనున్న అంకెలకేసి చూస్తాడు. పైకి వెళ్ళేటప్పుడూ అంతే, కిందకి వచ్చేటప్పుడూ అంతే' అన్నాడు. నేను మూడు క్లాసులు చెప్పే పాఠం, ఆ ఒక్క మాటలో... ఏమ్మాయ్, సంతకం పెట్టవేం?"

"పెడతాను. పెన్ను రాయట్లేదు."

"నాది తీసుకో."

"ఆగండి. ఊళ్ళో లిఫ్టులు చూసేవాళ్ళు చాలామందే ఉంటారేమో కదూ?"

"ఉంటే ఉంటారు. నీకెందుకు?"

"ఎందుకూ లేదు, ఊరికే. ఎలా ఉంటారు మనిషి?"

"మనిషిలాగే ఉంటాడు. యాభై దాటి ఉంటాయి. మాట్లాడే ముందు చొక్కా జేబు ఒకసారి తడుముకుంటాడు. కళ్ళజోడు కోసమేమో అనుకున్నాను. చూస్తే జేబులో ఏమీ లేదు. మాట కోసం తడుముకుంటున్నాడన్నమాట!"

"ఎడం చేత్తోనా?"

"ఏమిటి?"

"ఏం లేదు. చెప్పండి."

"మేడం, పట్టిక తయారైందా? పైనుంచి రెండోసారి అడిగారు."

"ఇంకా లేదు గుమాస్తాగారూ. అయ్యాక నేనే పిలుస్తాను. ఆ తలుపు వేసి వెళ్ళండి."

"అయిపోయిందని చెప్పొచ్చుగా అమ్మాయ్? ఒక్క సంతకమేగా?"

"మాస్టారూ, బయటివాళ్ళని లెక్కలోకి తీసుకోవచ్చో లేదో ఒకసారి కనుక్కోవాలి."

"కనుక్కోవడమేమిటి? పోయిన టర్ములో చిత్రకళ చరిత్ర ఎలా నిలబడింది? ఐదుగురు బయటి ముసలమ్మల మీద. ఆ రోజు నువ్వే స్వీట్లు పంచావు."

"అది వేరు. మీకు గది కూడా లేదు."

"మెట్ల కింద మ్యాపుల గది ఇస్తానని నువ్వేగా అన్నావు?"

"అందులో లైటు వెలగడం లేదు."

"నా పాఠానికి చీకటి బాగానే ఉంటుంది."

"సాయంత్రం క్లాసులు ఈ టర్ము నుంచి తీసేద్దామనుకుంటున్నాం. పొద్దున పెట్టుకోండి."

"ఎవరనుకుంటున్నారు? ఇందాకటి దాకా లేనిది ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? పొద్దున పెడితే ఎనిమిదో మనిషి రాడు. సాయంత్రమైతేనే వస్తానన్నాడు. 'ఇంటికి ఆలస్యంగా వెళ్ళడానికి ఒక వంక దొరుకుతుందండీ' అన్నాడు, నవ్వుతూ."

"వంకా?"

"ఆఁ, వంక."

"ఆ వంక ఎవరికి చెప్పాలట?"

"ఎవరికీ కాదు. అతనికి ఇంట్లో ఎవరూ లేరు."

"ఏమన్నారు?"

"ఎవరూ లేరమ్మా. ఒక్కడే ఉంటాడట. చేర్చుకునే ముందు ప్రతివాళ్ళనీ ఒక ప్రశ్న అడుగుతాను కదా. నిన్నూ అడిగాను, గుర్తుందా?"

"'మీ ఇంట్లో ఎవరెవరుంటారు?'"

"అదే. నువ్వు గడగడా అప్పజెప్పావు. అమ్మ, నాన్న, ఇద్దరు తమ్ముళ్ళు, మేనత్త, పిల్లి. పిల్లి రంగు కూడా చెప్పావు. ఈ పిల్ల నా క్లాసుకి పనికిరాదనుకున్నాను అప్పుడే."

"ఆయనేమన్నారు? ఆ మాటే చెప్పండి."

"'ఎవరూ లేరండీ, నేనొక్కణ్ణే' అన్నాడు."

"అలాగే అన్నారా?"

"మరెలా అంటారు?"

"అంటే మాట్లాడేవాళ్ళు లేరని అన్నారా? అసలు మనుషులే లేరన్నారా? మీరు సరిగ్గా ఏం అడిగారు?"

"ఇన్నేళ్ళుగా ఒక్క ముక్క మార్చకుండా అడిగేదే అడిగాను. నువ్వు వకీలులా నిలదీస్తావేం?"

"అడగగానే చెప్పారా, ఆగి చెప్పారా?"

"ఆగాడు."

"ఎంతసేపు?"

"ఇదేం ప్రశ్నమ్మాయ్? మనిషి ఆగినంతసేపు ఆగాడు. జేబు తడుముకున్నాడు. కిటికీలోంచి చూశాడు. తర్వాత చెప్పాడు."

"కొంతమంది తెలీక అంటారు మాస్టారూ. నోటికొచ్చింది అనేస్తారు. మీలాంటి పెద్దవాళ్ళు ఎదురుగా కూర్చుని అడిగితే కంగారుపడి..."

"నాకు మనుషుల్ని చూడటం నేర్పుతున్నావా? కూర్చున్న తీరు చూసి చెప్తాను నేను. కుర్చీ అంచున కూర్చున్నాడు. కుర్చీ అంచున కూర్చునేవాడు ఇంట్లో రెండో కుర్చీ లేనివాడు."

"రెండు కుర్చీలూ... సరే. ఒక్కడే ఉండేవాడికి ఇంటికి ఆలస్యంగా వెళ్ళడానికి వంకెందుకు? అది అడిగారా?"

"అది అడగాలా? ఖాళీ ఇల్లు అన్నిటికంటే గట్టిగా లెక్కలడుగుతుంది. ఎందుకింత పొద్దుపోయిందని గోడలే నిలదీస్తాయి. ఇది నా ఐదో పాఠం. నువ్వు ఆ రోజు క్లాసుకి రాలేదేమో."

"వచ్చాను. మొదటి పాఠం కూడా గుర్తుంది. 'ఒంటరితనమంటే ఇంట్లో మనిషి లేకపోవడం కాదు, ఉన్న మనిషికి మనం కనిపించకపోవడం' అన్నారు. మరి ఆయన ఇంట్లో అలాంటి మనిషి ఉండొచ్చని మీకు తోచలేదా?"

"పాఠం వేరు, లోకం వేరమ్మా. పాపం, ఆ మనిషి మొహం చూస్తే తెలుస్తుంది, వెనక ఎవరూ లేరని. పొద్దున టీ ఎవరు పెడతారయ్యా అంటే, 'ఫ్లాస్కులో ఉంటుందండీ' అన్నాడు."

"ఫ్లాస్కులో ఉంటుందన్నారా?"

"అంతే అన్నాడు. రాత్రే కాచి పోసి పెట్టుకుంటాడు కాబోలు."

"రాత్రి పోస్తే పొద్దుటికి చల్లారిపోతుంది."

"చల్లారిందే తాగుతాడు. ఒంటరివాడు ఏం చేస్తాడు మరి?"

"చల్లారింది కాదు! వేడిగానే ఉంటుంది!"

"నీకెలా తెలుసు?"

"...మంచి ఫ్లాస్కు అయితే ఉంటుంది అంటున్నాను."

"ఫ్లాస్కుల గురించి ఇంత కోపమా? నీ ఫోను మోగుతోంది చూడు."

"మోగనివ్వండి."

"మీ ఆయనేమో."

"ఆయనే."

"ఎత్తు మరి."

"ఎత్తి ఏం మాట్లాడను?"

"ఇందాక మాట్లాడావుగా. ఊఁ, సరే, సరే. అదే మళ్ళీ మాట్లాడు... ఆగిపోయింది. పాపం, ఆయనేం చెప్పాలనుకున్నాడో."

"మాస్టారూ, ఈ కోర్సు వద్దు. ఈ టర్ముకి వద్దు. వచ్చే టర్ములో చూద్దాం."

"అర్థమైంది."

"ఏమర్థమైంది?"

"నీ మనసు. ఇంతసేపూ నీ చేతులు చూస్తున్నాను. నా కాగితం మీద పేపర్‌వెయిట్ పెట్టావు. తీశావు. మళ్ళీ పెట్టావు. దానికో పేరుంది. గురువుని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, తను అధికారం కుర్చీలో కూర్చున్న శిష్యులకి వస్తుంది. ఫైనల్ పరీక్షలో నీకు రెండో స్థానం ఇచ్చాను. అది నీలో ఎక్కడో ఉండిపోయింది."

"నాకు మొదటి స్థానమే ఇచ్చారు."

"...ఇచ్చానా?"

"ఇచ్చారు. చరిత్ర మాస్టారు వద్దంటే ఆయనతో దెబ్బలాడి మరీ ఇచ్చారు."

"అయితే ఇంకా కష్టం. కృతజ్ఞత! పగనైనా మరిచిపోతారు గానీ మనుషులు కృతజ్ఞతని క్షమించరు."

"మీకు మనుషుల గురించి ఎంత తెలుసు మాస్టారూ!"

"ఎగతాళా?"

"కాదు."

"ఎగతాళే. బాగుంది హెడ్డుగారూ. ఇక నుంచి మీరు అంటాను. ఎనిమిది కావాలన్నారు మీరు, తెచ్చాను. గది ఇస్తానన్నారు మీరు, ఇప్పుడు లైటు లేదంటున్నారు. రూలు పెట్టింది మీరు, అది చెల్లదంటున్నదీ మీరే. ముసలాణ్ణి వదిలించుకోవాలంటే ఆ మాటే చెప్పండి. నేను ఆ తలుపు తీసుకుని నా దారిన నేను వెళ్తాను."

"మీరు నన్ను మీరనకండి."

"మరేమనాలి?"

"మీ పోస్టు పోనివ్వను. వేరే కోర్సు ఇస్తాను. 'ఆఫీసులో మెలగడం' అని ఒకటుంది. నలభై మంది. దాని లెక్చరరు మానేశాడు, ఎవరితోనూ పడక. మీరు చెప్పండి."

"నేనా? ఆఫీసులో మెలగడమా?"

"మీకు జీతం ఉంటుంది, గది ఉంటుంది, ఎండ వచ్చే గది. ఆ ఎనిమిదో మనిషికి మాత్రం కోర్సు లేదని చెప్పేయండి."

"జీతం కోసం అనుకున్నావా అమ్మాయ్?"

"మరి?"

"ఇందాక బడాయి పోయాను. ఒక్కణ్ణే కూర్చోవడం నాకు రాదు. పాఠం చెప్పడం వచ్చు, కూర్చోవడం రాదు. మంగళవారం, శుక్రవారం క్లాసులు. సోమవారం సాయంత్రమే చొక్కా ఇస్త్రీ చేసుకుంటాను. మిగతా రోజులు ఏ చొక్కా వేసుకున్నానో సాయంత్రానికి నాకే గుర్తుండదు. ఈ క్లాసులో చేరేవాళ్ళు పరీక్ష కోసం చేరరు. ఎవరో ఒకరు వినాలని చేరతారు. నేనూ అందుకే చేరాను. నేను చెప్పడానికి చేరానంతే, వాళ్ళు వినడానికి. నలభై మందికి ఆఫీసులో మెలగడం చెప్తే, నలభై మంది గడియారం చూస్తారు. ఇవాళ పొద్దున ఆ మనిషి గంట పైనే మాట్లాడాడు. నేను ఊఁ కొట్టడమే."

"గంటా?"

"గంట పైనే."

"ఆయన గంటసేపు మాట్లాడారా?"

"నవ్వించాడు కూడా. చాలా రోజులైంది నేను అంత నవ్వి."

"నవ్వించారా? ఆయనా?"

"'లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్ళు మొట్టమొదట ఏం మాట్లాడుకుంటారో చెప్పండి' అన్నాడు. దేవుణ్ణి తలుచుకుంటారా అన్నాను. కాదట. 'మీరు ఏ అంతస్తులో ఉంటారండీ?' అనుకుంటారట. ఏళ్ళ తరబడి ఒకే మేడలో కాపురం ఉండి! ఒకసారైతే ఇద్దరు, లోపల ఇరుక్కున్నాకే తెలుసుకున్నారట, ఎదురెదురు వాటాల వాళ్ళమని. బయటికి తీశాక ఆ ఇద్దరూ ఇతన్ని తిట్టారట, ఇంత తొందరగా ఎందుకు తీశావని!"

"నాకెప్పుడూ..."

"నీకెప్పుడూ ఏమిటి?"

"నాకెప్పుడూ లిఫ్టు అలా ఆగిపోలేదు అంటున్నాను."

"ఆగాలమ్మాయ్. ఒకసారైనా ఆగాలి."

"మేడం, పట్టిక... పైనుంచి కేకలేస్తున్నారు మేడం."

"వస్తోంది గుమాస్తాగారూ. రెండు నిమిషాలు. ఇక్కడే ఉండకండి, బయట కూర్చోండి... మాస్టారూ."

"ఊఁ."

"ఆయన ఇంకా ఏమన్నా చెప్పారా? ఆ ఎవరూ లేకపోవడం ఎప్పట్నుంచి అని, అలాంటిదేమన్నా?"

"అడగలేదు. మొదటి రోజే ఎందుకని. అలాంటివాళ్ళు మెల్లగా చెప్తారు, మూడో వారమో, నాలుగో వారమో. ఎవరు పోయారో, ఎలా పోయారో. ఈలోపు వినేవాడు తొందరపడకూడదు."

"ఎవరూ పోకపోయినా చెప్తారా?"

"ఏమిటి నీ ప్రశ్నలు? కోర్సే లేనప్పుడు ఎవరు చెప్తే ఏం, చెప్పకపోతే ఏం? ఇక వస్తానమ్మాయ్. ఆ కాగితం ఇటివ్వు."

"ఇవ్వను."

"ఏం?"

"కూర్చోండి. మీ పెన్నివ్వండి."

"ఇందాక ఇస్తానంటే ఆగమన్నావు."

"ఇవ్వండి మాస్టారూ. మ్యాపుల గదే. లైటు రేపు వేయిస్తాను. సాయంత్రమే పెట్టుకోండి. మంగళవారం, శుక్రవారం."

"ఏదీ, చూడనీ... ఎనిమిది. కింద సంతకం. నిజంగానే పెట్టావు! నీ మనసు ఎలా మారిందో చెప్పనా? నేను చొక్కా మాట ఎత్తగానే కళ్ళు దించుకున్నావు. జాలి. అక్కడ పట్టుకున్నాను నిన్ను."

"అవును మాస్టారూ. జాలే."

"చూశావా, నాకు దొరకని మనిషి ఉండడు."

"ఒక్క సాయం చేయండి. ఆ ప్రశ్న ఆయన్ని మళ్ళీ అడగకండి, క్లాసులో, అందరి ముందూ."

"ఛ, ఎందుకడుగుతాను? ఉన్నవాళ్ళని అడిగితే వేడుక. లేనివాణ్ణి గుచ్చి గుచ్చి అడుగుతామా? ఎంత పొడిగా చెప్పాడనుకున్నావ్ ఆ మాట, వాన పడట్లేదు అన్నట్టు! రోజూ పొద్దుపోయాక ఇంటికి వెళ్ళి, వరండాలో చీకట్లో తడుముకుని, తాళం తీసుకుని, ముందు చెయ్యి లోపల పెట్టి స్విచ్చి వెతుక్కుంటాడు. నాకు తెలుసు ఆ తాళం చప్పుడు. ఎదురొచ్చేవాళ్ళు లేని ఇంట్లో అది ఎంత పెద్దగా వినిపిస్తుందో నీకు తెలీదమ్మాయ్."

"ఆ వేళకి ఆ ఇంటికి తాళం ఉండదు మాస్టారూ. ఆయన బెల్లు కొడతారు. తలుపు తీసేది నేనే."